ముట్టని ఆకు

పురుగుల గది, రెండో అంతస్తు
జనవరి 8

వదినకి,

ఇది చదివి నవ్వకూడదు, ముందే చెబుతున్నాను. నాకు మీ టమాటా ఆకులు కావాలి. నాకంటే నాకు కాదు, నా పురుగులకి.

పదకొండేళ్ళుగా ఈ గదిలో కాయతొలిచే పురుగుల్ని పెంచుతున్నానని నీకు తెలుసు కదా. పిండి ముద్ద కలిపి, చిన్న గిన్నెల్లో పెట్టి, గిన్నెకొక పురుగుని వెయ్యడం. రెండింటిని కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి. ఇన్నాళ్ళూ పెంచడం నా వంతు, వాటి మీద పరీక్షలు చేసి పేరు వేసుకోవడం ఇంకొకరి వంతు. నిరుడు మొదటిసారి ఒక పరీక్ష నా చేతికొచ్చింది. కొత్త మందు ట్యాంకుకి ఎన్ని మూతలు పొయ్యాలో తేల్చాను. మూడు మూతలు. ఆ కాగితం అచ్చేసి మందుల దుకాణాలన్నిటికీ పంపారు. కింద నా పేరుంది. పోయిన నెల అన్నయ్యకి పంపింది అదే.

ఇప్పుడు మా పెద్దసారు రెండోది ఇచ్చారు. మొక్కలు మనం అనుకున్నంత అమాయకులేం కాదు వదినా. పురుగు కొరకడం మొదలుపెట్టగానే ఆకులో ఘాటైన విషాలు తయారుచేసుకుంటాయి. పురుగు మాత్రం తక్కువ తిన్నదా? దాని పొట్టలో ఆ విషాన్ని విరగ్గొట్టే ఎంజైములుంటాయి. విషం ఎంత తింటే అవి అంత పెరుగుతాయి. అలా రాటుదేలిన పురుగు మనం కొట్టే మందుని కూడా అరాయించుకుంటుందా అన్నది నేను తేల్చాలి.

మూడు గుంపులు పెట్టాను. ముద్ద తినేవి. పురుగు ముట్టని ఆకు తినేవి. వేరే పురుగులు కొరికిన ఆకు తినేవి. కొరికిన ఆకు మా మేడ మీద కుండీల్లో ఉంది. ముట్టని ఆకుకే మీ తోట. వారం వారం కొన్ని పురుగుల పొట్ట నూరి రసాయనం కలుపుతాను. ఎంజైములు ఎంత ఎక్కువుంటే నీలం అంత ముదురుగా వస్తుంది.

ఏప్రిల్ ఆఖరుకి తేల్చకపోతే ఈ గదిని పాత ఫైళ్ళకి ఇచ్చేస్తారట. గది పోతే నా ఉద్యోగం కూడా పోయినట్టే. ఈ వయసులో పురుగులు పెంచడం తప్ప నాకింకేం వచ్చు చెప్పు.

ఆకుకి మందు తగలకూడదు. పురుగు కొరికి ఉండకూడదు. తడిగుడ్డలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, సోమవారం గురువారం పొద్దుటి బస్సుకి ఇవ్వాలి. అంతే. డబ్బాలోనే ఉత్తరం కూడా పెట్టు. ఫోన్లో అయితే మనం రెండు ముక్కలు మాట్లాడేలోపు అన్నయ్య లాక్కుంటాడు.

నీ ఆడపడుచు


తోట, కుళాయి పక్క రాయి మీద
జనవరి 15

పురుగుల డాక్టరమ్మకి,

నవ్వాను. నవ్వకుండా ఎలా ఉంటానమ్మా? పెళ్ళైన కొత్తల్లో నా వంటకి వంకలు పెట్టిన మనిషివి, ఇప్పుడు నీ పురుగులకి నా చేత వడ్డన చేయిస్తున్నావు. అవైనా ఉప్పు తక్కువైందని అనకుండా తింటాయని ఆశ.

నాలుగు వందల మొక్కలు నిగనిగలాడుతున్నాయి. పిందెలు పడ్డాయి, అక్కడక్కడా పురుగూ కనిపిస్తోంది. మీ అన్నయ్య నీ కాగితాన్ని తోటలో మందులు పెట్టుకునే కొట్టుగది తలుపుకి అంటించాడు. వచ్చినవాళ్ళందరికీ "మా చెల్లెలు రాసింది" అని చూపించడమే. మొన్న పక్క తోట ఆయన నాలుగు మూతలు పోస్తానన్నాడు. మీ అన్నయ్య ఇంతెత్తున లేచాడు, "మూడంటే మూడే, మా చెల్లెలు లెక్క తప్పదు" అని. ఆయన పాపం నోరు మూసుకుని వెళ్ళిపోయాడు.

ఈ వారమే మందు కొడతాం. నీ ఆకుల కోసం కుళాయి పక్క మొక్కల్ని వదిలెయ్యమన్నాను. అటు మందు తుంపర కూడా రాదు. పురుగు పడకుండా నేనే రోజూ చూసుకుంటాను. నీ గది ఎక్కడికీ పోదు, బెంగ పెట్టుకోకు.

వదిన


పురుగుల గది
ఫిబ్రవరి 5

వదినా,

నీ ఆకులు దేవుడిచ్చినట్టున్నాయి. ఒక్క మచ్చ లేదు. మొదటి లెక్కలు అనుకున్నట్టే వచ్చాయి. ముద్ద తిన్నవి లేత నీలం, ముట్టని ఆకువి కాస్త నీలం, కొరికిన ఆకువి సిరా రంగు. ఎదురు గదిలో చీమల మీద పనిచేసే ఆయన వచ్చి చూసి, "ఇంత శుభ్రంగా మా చీమలు ఎప్పుడు చెప్తాయో" అన్నాడు. ఆయన్ని మేమందరం చీమలాయన అంటాం. ఎవరినీ మెచ్చుకోని మనిషి.

మందు ఎలా పనిచేసింది? అన్నయ్యకి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఎన్ని పురుగులు చచ్చాయో లెక్కపెట్టమన్నానని చెప్పు. మూడు మూతలకి నా దగ్గర ఇరవైకి పద్దెనిమిది చచ్చాయి.


ఇంటి నుంచి
ఫిబ్రవరి 12

అమ్మాయీ,

ఆకులు పెట్టాను. మందు కొట్టాం. మీ అన్నయ్యకి జలుబు, గొంతు పట్టేసింది, అందుకే ఫోన్ ఎత్తట్లేదు. ఎండలు ముదురుతున్నాయి, గుడ్డ ఇంకో మడత వేశాను.

బస్సుకి టైమైంది.

వదిన


పురుగుల గది
మార్చి 11

వదినా,

నాకు పిచ్చెక్కేలా ఉంది. తలా తోకా తెలియట్లేదు. నువ్వైనా కాస్త ఓపిగ్గా చదువు.

ముట్టని ఆకు తిన్న పురుగుల నీలం వారం వారం ముదురుతోంది. పోయిన వారం కొరికిన ఆకు వాటితో సమానమైంది. ఈ వారం దాటేసింది. అలా ఎలా కుదురుతుంది? మందు చుక్క వేసి చూస్తే, ముద్ద తిన్నవి ఎప్పట్లాగే టపటపా చచ్చాయి. నీ ఆకు తిన్నవి ఇరవైకి అయిదే చచ్చాయి. మిగతా పదిహేనూ స్నానం చేసి వచ్చినట్టు ఒళ్ళు దులుపుకుని మళ్ళీ తినడం మొదలుపెట్టాయి. వాటి మొహం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది.

రసాయనం మార్చాను. గాజు సీసాలన్నీ మళ్ళీ కడిగాను. చీటీలు తారుమారయ్యాయేమోనని ఏ గుంపు ఏదో చెప్పకుండా చీమలాయన చేత లెక్కపెట్టించాను. ఆయనకీ అదే వచ్చింది. పెద్దసారు మాత్రం తేలిగ్గా "ఆ గుంపు తీసి పారేసి మిగతా రెండూ రాసెయ్యి" అన్నారు. తీసేస్తే గది దక్కుతుంది. కానీ ఆ పదిహేను పురుగులూ ఎందుకు బతికాయో నాకు తెలియాలి కదా?

అందుకని అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకు. నిజం చెప్పు వదినా, ఆకుల మీద ఏమైనా కొట్టావా? పురుగు కొరికిన ఆకుల్ని కత్తిరించి పంపావా? జాలిపడి ఏ కషాయమో, బూడిదో చల్లావా? ఏదో చేసే ఉంటావు. లేకపోతే ఇలా రాదు.


కుళాయి పక్క
మార్చి 14

అమ్మా, మహాతల్లీ,

కోపం తెచ్చుకోవద్దని రాసి ఇన్ని మాటలంటావా? నేను కొట్టానా? నేను చల్లానా? ఆకు మీద దుమ్ము పడితే నోటితో ఊదుతున్నాను, చేతులు సబ్బుతో కడుక్కోకుండా ముట్టుకోవట్లేదు. రోజూ పొద్దున్నే ఒక్కో ఆకు తిరగేసి గుడ్లున్నాయేమో చూస్తున్నాను. నా పిల్లల తలల్లో పేలు కూడా ఇంత శ్రద్ధగా చూడలేదు. ఆ ఎనిమిది మొక్కల్నీ కంటికి రెప్పలా కాపాడుతున్నాను. అయినా నామీదే పడ్డావు.

నీ పురుగులు చావకపోతే నీ పురుగుల్ని అడుగు.

ఆకులు మాత్రం పెట్టాను. మాటన్నావని ఆకులు ఆపే మనిషిని కాదు.


పురుగుల గది
మార్చి 18

వదినా,

ఎనిమిది మొక్కలేమిటి?

నాలుగు వందలున్నాయి కదా. కుళాయి పక్క వరుసలోనే యాభై ఉంటాయి. ఎనిమిదని ఎందుకు రాశావు? తిట్లన్నీ బాగానే ఉన్నాయి, అన్నీ నాకు తగినవే, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. రెండు రోజులుగా అదే ఆలోచన. అన్నయ్య ఇప్పటికీ ఫోన్ ఎత్తట్లేదు. నెలన్నర ఉండే జలుబు నేనెక్కడా వినలేదు.

అక్కడ ఏం జరిగింది?


ఇంటి నుంచి
మార్చి 22

అమ్మాయీ,

నోరు జారాను. ఇక దాచి లాభం లేదు.

తోట లేదు. ఫిబ్రవరి మొదట్లోనే పోయింది. నీ కాగితం ప్రకారం మూడు మూతలే పోసి కొట్టాం. నాలుగు రోజులు చూశాం, ఒక్క పురుగూ చావలేదు. మళ్ళీ కొట్టాం. కాయ కోసి చూస్తే లోపల హాయిగా కూర్చుని తింటున్నాయి. పక్క తోట ఆయన గట్టు మీద నిలబడి చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. అదే మీ అన్నయ్యని చంపేసింది. ఆ మర్నాడు పొద్దున్నే లేచి ఒక్కడే మొత్తం పీకేశాడు. నేను పరుగెత్తుకెళ్ళేసరికి కుళాయి పక్క ఎనిమిది మిగిలాయి. వాటికి అడ్డం నిలబడ్డాను. "ఇవి దాని పురుగులకి" అన్నాను. కొట్టు తలుపు మీది కాగితం ఊడదీసి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి నీ పేరెత్తడు. కోపమో, బాధో, నిజంగా నాకు అర్థం కావట్లేదు. ముప్పై ఏళ్ళు కాపురం చేశాను, అయినా తెలియట్లేదు.

నీకెలా చెప్పను? పదకొండేళ్ళకి నీ పేరు ఒక కాగితం మీద పడింది. అది తప్పని నా చేత్తో రాయాలా? పైగా గది పోతుందని భయపడుతున్నావు. ఈ పరీక్షైనా గట్టెక్కితే అప్పుడు చెబుదామనుకున్నాను.

తోట పోయినప్పట్నుంచి పంపిన ఆకులన్నీ ఆ ఎనిమిది మొక్కలవే. సోమవారం, గురువారం వాటి దగ్గరే తుంచుతున్నాను. పాపం, వాటికీ ఓపిక అయిపోయినట్టుంది. ఆకు చిన్నదైంది, గరుకెక్కింది. తుంచితే చేతికి పచ్చటి జిడ్డు, ఘాటు వాసన. రెండుసార్లు కడిగినా పోదు.

నేనేం తప్పు చేశానో నాకైతే తెలియట్లేదు. చేస్తే చెప్పు.

వదిన


పురుగుల గది
మార్చి 25

వదినా,

నువ్వేం తప్పు చెయ్యలేదు. తప్పు నాది, అదీ రెండుసార్లు.

నీ ఉత్తరం చదివి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. చీమలాయన మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, ఏం అడగాలో తెలియక చీమల గురించి మాట్లాడి వెళ్ళాడు. ఆ తరవాత నీ "పచ్చటి జిడ్డు, ఘాటు వాసన" మళ్ళీ చదివాను. అప్పుడు వెలిగింది.

మొక్కకి కళ్ళుంటాయా వదినా? ఆకు తెగిందని మాత్రమే దానికి తెలుస్తుంది. తెంచింది పురుగు నోరో, నీ చెయ్యో దానికెలా తెలుస్తుంది? వారానికి రెండుసార్లు, ఏడు వారాలు, అవే ఎనిమిది మొక్కలు. ప్రతిసారీ పురుగు వచ్చిందనుకుని ఇంకాస్త విషం కూడబెట్టుకున్నాయి. నువ్వు అంత శుభ్రంగా పంపిన ఆకు మా కుండీల్లో కొరికిన ఆకు కన్నా ఘాటుగా ఉంది. అది తిని పెరిగిన పురుగు పొట్ట నిండా ఎంజైములే. ఇక నా మందు దానికో లెక్కా? పురుగు కొరకకూడదని రాశాను గానీ, ఒకే మొక్క దగ్గర మళ్ళీ మళ్ళీ తుంచొద్దని రాయలేదు. నాకే తట్టలేదు.

అది మొదటి తప్పు. రెండోది చెప్పడానికి నోరు రావట్లేదు. మూడు మూతలని నేను తేల్చింది ముద్ద తిన్న పురుగుల మీద. ఆ ముద్దలో విషమేముంటుంది, మెత్తగా, తియ్యగా? పదకొండేళ్ళు పువ్వుల్లో పెట్టి పెంచిన పురుగులవి. చుక్క పడితే చచ్చాయి. మీ తోటలోవి పుట్టినప్పట్నుంచీ టమాటా మొక్కతో కుస్తీ పట్టినవి. వాటికి మూడు మూతలు చాలలేదు. మీ తోటలో జరిగిందే నా గిన్నెల్లో పదిహేను పురుగులు మళ్ళీ చేసి చూపించాయి. నేనేమో నిన్ను అనుమానించాను.

ఇంకా మూతలు పెంచితే సరిపోతుందా అంటే అదీ తెలియదు. బతికి బట్టకట్టినవి ఇంకా మొండికెత్తవచ్చు. తెలిసినకొద్దీ అయోమయం పెరుగుతోంది.

ఆ గుంపుని తీసి పారెయ్యను. అంతా రాస్తాను. నా కాగితం తప్పని కూడా రాస్తాను. అలా రాస్తే గది ఉంచుతారో, నన్నే పొమ్మంటారో. ఒక తోట పోయిందని రాయాలి, అది మీదేనని రాయొచ్చా? అన్నయ్యని అడుగు. ఒప్పుకోకపోతే వద్దు.

క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.


ఇంటి నుంచి
మార్చి 30

అమ్మాయీ,

నీ ఉత్తరం మీ అన్నయ్య చేతికిచ్చాను. మెట్టు మీద కూర్చుని చదివాడు. మళ్ళీ మొదట్నుంచీ చదివాడు. "ముద్ద తిన్న పురుగులా!" అన్నాడు, అంతే. చెప్పులేసుకుని తోటవైపు వెళ్ళి ఆ ఎనిమిది మొక్కల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఒక ఆకు తుంచి వాసన చూడబోయి, మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను వంటింటి కిటికీలోంచి చూశాను.

తిరిగొచ్చి "రాయమను" అన్నాడు. నీతో మాట్లాడతావా అంటే, "రాయమన్నానుగా" అన్నాడు. ఏమిటో ఈ మనిషి.

క్షమాపణలు నా దగ్గర కుదరవు. కూరకి వంకలు పెట్టినప్పుడు చెప్పావా?

వదిన


పురుగుల గది
ఏప్రిల్ 29

వదినా,

నిన్న తేలింది. పెద్దసారు నా కాగితాలన్నీ చదివి, "నీ పేరు నువ్వే కొట్టేసుకుంటున్నావు, తెలుసా?" అన్నారు. తెలుసన్నాను. మూడు మూతల కాగితాన్ని దుకాణాల నుంచి వెనక్కి రప్పిస్తున్నారు. వాటి లెక్క చూడమని నన్నే కూర్చోబెట్టారు. పొద్దున్నుంచీ నా పేరున్న కాగితాల్ని చింపి సంచిలో వేస్తున్నాను. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

గది మాత్రం ఉంది. ఇంకో పంట దాకా. ఈసారి తోటలో పురుగుల మీదే తేల్చాలట.

అందుకు రెండు వందల మొక్కలు కావాలి. ఒక్కో మొక్క దగ్గర ఒక్కసారే తుంచాలి. ఎవరి తోటనైనా అడుగుతాను. మిమ్మల్ని అడిగే మొహం నాకు లేదు. ఇది ఊరికే తెలియాలని రాశాను.


తోట, కుళాయి పక్క రాయి మీద
జూన్ 20

పురుగుల డాక్టరమ్మకి,

అడిగే మొహం లేదని రాసి రెండు వందలని లెక్క కూడా రాశావు. ఆ తెలివికేం తక్కువ లేదు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే మీ అన్నయ్య నారు పోశాడు. నాకు చెప్పలేదు, నీళ్ళు మొయ్యమన్నప్పుడు తెలిసింది. ఇప్పుడు మోకాలెత్తు మొక్కలు. గేటు పక్క నాలుగు వరుసలు వేరు చేసి, మధ్యలో కర్ర పాతి, అట్టముక్క మీద కాగితం అంటించాడు. ఏమని రాశాడో చెప్పనా? "ఇవి మా చెల్లెలి వరుసలు. ఒక మొక్క దగ్గర ఒక్కసారే. తుంచాక దారం కట్టాలి. మళ్ళీ ముడితే ఊరుకోను." నన్ను కూడా ఊరుకోడట. కాగితం పల్చగా ఉండి వెనక అచ్చక్షరాలు కనిపిస్తుంటే దగ్గరికెళ్ళి చూశాను. నీ మూడు మూతల కాగితమే. ఇన్నాళ్ళూ జేబులో మడతపెట్టి దాచుకున్నాడు. పారెయ్యలేదు.

డబ్బాలో ఆకులతో పాటు అగ్గిపెట్టెలున్నాయి, భయపడకు. పక్క తోటలో పురుగు పడింది. మీ అన్నయ్యే వెళ్ళి ఇరవై ఏరుకొచ్చాడు. అగ్గిపెట్టెకొకటి. రెండింటిని కలిపితే తినేస్తాయని నాకే పాఠం చెప్పాడు.

మన తోటలోనూ నిన్న ఒకటి రెండు కనిపించాయి. చేత్తో ఏరుతున్నాం. మందుల దుకాణం ఆయన గట్టు మీదకి వచ్చి, అయిదు మూతలు పోసి కొట్టెయ్యమని చెప్పాడు. మీ అన్నయ్య మొక్క మీదనుంచి తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

"మా చెల్లెలు ఇంకా లెక్క చెప్పలేదు. చెప్పేదాకా ఆగుతాను."

వదిన